గేటు బయట ముప్పై గిన్నెలు

సోమవారం. ఫెయిర్‌చైల్డ్ వీధి, బస్టాండు వెనక నీలం గొడుగు. గుండ్రటి ఉప్పు రొట్టె, మధ్యలో రెండు చేప వడలు. పన్నెండుంబావు లోపు వెళ్ళాలి, తర్వాత నూనె ముసలిదవుతుంది.

మంగళవారం. మార్కెట్టు మెట్ల కింద జడలాయన. కాల్చిన సీమపనస, కొబ్బరిపాల కూర. ఉప్పు వెయ్యడు, ఆయన మతం ఒప్పుకోదు. మన ఉప్పు మనమే పొట్లం కట్టుకెళ్ళాలి. ఆయన చూడకుండా చల్లుకోవాలి.

బుధవారం. స్వాన్ వీధి మేడమీద అక్కాచెల్లెళ్ళు. మాకరోనీ పై. అంచు ముక్క అడగాలి. అదీ చెల్లెల్నే అడగాలి, అక్క ఇవ్వదు.

గురువారం. వంతెన దాటగానే చేపల బండి. చేప మంచిది, మనిషి నోరు మంచిది కాదు. రెండూ వేడివేడిగానే పెడతాడు.

శుక్రవారం. వెల్డా కిటికీ. కూకూ, అదే బెండకాయ వేసి కలిపిన మొక్కజొన్న సంకటి, దాని మీద ఎగిరే చేప.

శనివారం. వెల్డా కిటికీ.

శనివారం పక్కన ఇంకేం రాయాలో తోచక అల్బన్ నోయెల్ పెన్సిలు చెవి మీద పెట్టుకున్నాడు. రాసింది వాసం పైముఖం మీద. రేపటికి దానిమీద రీపర్లు పడతాయి, వాటి మీద దేవదారు చెక్క పెంకులు పడతాయి. ఆ రాత మళ్ళీ వెలుగు చూడాలంటే ఇంకో వందేళ్ళకి ఎవడో ఈ గిడ్డంగి కప్పు విప్పాలి. అప్పుడు ఎక్కే వడ్రంగి ఎవడో, ఏ జాతివాడో ఎవరికి తెలుసు? కానీ వాడికి ఆకలేస్తుంది. అంతవరకూ ఖాయం.

"ఏమోయ్ గ్రెనడా!" కింద నిచ్చెన దగ్గర్నుంచి గిట్టెన్స్ అరిచాడు. "కప్పు వేస్తున్నావా, వీలునామా రాస్తున్నావా?"

"మీ బ్రిడ్జ్‌టౌన్ గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని చూస్తున్నా. అందుకే ఆలస్యం. దొరకటం లేదు."

"మీ కొండల్లో దొరికాయా? పది వారాల్నించీ మా ఊరి తిండి తిని బొజ్జ పెంచావు. వచ్చిన కొత్తలో నువ్వెక్కితే ఈ నిచ్చెన ఇలా మూలిగేది కాదు."

అల్బన్ బొజ్జ తడుముకున్నాడు. నిజమే. గ్రెనడాలో, సాటూర్స్ రేవులో ఓడెక్కినప్పుడు బెల్టు రెండో కన్నానికి బిగిసేది. ఇప్పుడు నాలుగోది కూడా బతిమాలితేగాని పట్టడం లేదు. యాభై ఒక్క ఏళ్ళ జీవితంలో ఒళ్ళు చేసింది ఇదే మొదటిసారి. ఆ మాట పైకి ఒప్పుకుంటే ఈ బార్బడోస్‌వాళ్ళ పొగరుకి పట్టపగ్గాలుండవు.

ఆ మంగళవారం పన్నెండుకి పావుగంట ముందు మేస్త్రీ హైండ్స్ వచ్చి గేటుకి కాగితం అంటించాడు. నాలుగు మూలలా టేపు వేసి, బొటనవేలితో నొక్కి, వెనక్కి రెండడుగులు వేసి తిన్నగా ఉందో లేదో చూసుకున్నాడు. జనం మూగారు. గిట్టెన్స్ పైకి చదివాడు.

"నేటినుంచి కంపెనీవారే అందరికీ ఉచితంగా మధ్యాహ్న భోజనం ఏర్పాటు చేయడమైనది. పన్నెండు నుంచి పన్నెండున్నర వరకు గేటు మూసి, తాళం వేసి ఉండును. ఎవరూ బయటికి పోరాదు."

ఉచితం అన్న మాటని అల్బన్ ఇంకోసారి తనే చదువుకున్నాడు. అతనికి ఇంతవరకూ ఊరికే ఇచ్చినవాడు ఎవడూ ఊరికే ఇవ్వలేదు. పైవాళ్ళకి పనివాడి చేతులు చాలవు. వాడి నోరు కూడా కావాలి. ఎక్కడ తింటున్నాడో, ఎంతసేపు నములుతున్నాడో, ఆ లెక్క కూడా వాళ్ళ చేతిలోనే ఉండాలి.

పెట్టెలు వచ్చాయి. తెల్లటి థర్మాకోలు పెట్టెలు, ముప్పై. గిట్టెన్స్ తన పెట్టె పలక మీద బోర్లించాడు. అన్నం పెట్టె ఆకారంలోనే దిగి, ఇటుకలా నిలబడింది. అతను సంచిలోంచి రసమట్టం తీసి దానిమీద పెట్టి, ఒక కన్ను మూసి చూశాడు.

"వంకర లేదు మేస్త్రీ. గోడ కట్టుకోవచ్చు."

అందరూ నవ్వారు. హైండ్స్ నవ్వలేదు. "పెట్టింది తిను గిట్టెన్స్. నన్నేం చెయ్యమంటావు? పైనుంచి వచ్చిన మాట."

తిన్నారు. అల్బన్‌కి అదే ఆశ్చర్యం. అతని దేశంలో అయితే ఈపాటికి ఆ గేటు కీళ్ళు ఊడి ఉండేవి. వీళ్ళు జోకులేసుకున్నారు, తిట్టుకున్నారు, తలొంచుకుని నమిలారు. కాగితం మీద అచ్చుపడితే ఇక్కడ అది దేవుడి మాటే.

అల్బన్ తన పెట్టె మూత కూడా తియ్యకుండా కప్పెక్కాడు. అక్కణ్ణించి ప్రహరీ అవతలి సందు కనిపిస్తుంది. సందు మొదట్లో పచ్చరంగు చెక్క ఇల్లు, దానికో కిటికీ. రోజూ ఈ వేళకి ఆ కిటికీ ముందు ఇరవైమంది మోచేతులతో పొడుచుకుంటూ ఉంటారు. ఇవాళ కిటికీ ముందు ఒక కోడి తిరుగుతోంది. లోపల్నుంచి వెల్డా నడుందాకా బయటికి వంగి, కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని గేటు వైపు చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత గరిట పట్టుకున్న చెయ్యి మెల్లగా లోపలికి పోయింది.

*

గురువారం నాలుగున్నరకి పని దిగగానే అల్బన్ కిటికీ దగ్గరికి వెళ్ళాడు. వెల్డా గట్టు తుడుస్తోంది. తుడిచిన చోటే మళ్ళీ తుడుస్తోంది. వెనక పొయ్యి మీద పెద్ద డేగిసా, మూత తీసే ఉంది. నిండుగా ఉంది.

"రా బంగారం," అంది. ఆవిడకి అందరూ బంగారమే. పోలీసువాడూ బంగారమే, పాస్టరూ బంగారమే. "ఏం పెట్టను? అన్నీ ఉన్నాయి. నిన్నటి పులుసు పాస్టరు గారి కుక్క తింది. పాపం ఒకటే తేన్పులు. ఇవాళ్టిది ఎవరి కుక్కకి పెట్టాలో చూస్తున్నా."

"ముందు నాకు పెట్టండి. తర్వాత కుక్క సంగతి."

ఆవిడ పెట్టింది. అల్బన్ నిలబడే తిన్నాడు. మాంసం ఎముక వదిలేసి వచ్చింది. దుంప నోట్లో వెయ్యగానే కరిగింది. రెండు రోజులుగా ఉడకని బియ్యం తిన్న నోటికి ఆ పులుసు తగిలేసరికి కళ్ళలో నీళ్ళు వచ్చాయి. కారం వల్ల అన్నట్టు చేత్తో విసురుకున్నాడు.

వెల్డా గుడ్డ పిండి దండెం మీద వేసింది. "ఆరింటికల్లా సెయింట్ లూసీలో పందులమ్మే మనిషికి ఫోను చెయ్యాలి. శనివారానికి పంది చెప్పనా, మాననా? పొద్దుట్నించీ అదే ఆలోచన."

"మానడమేంటి?"

"సౌస్‌కి నిమ్మరసంలో ఊరేసే మాంసం, పుడ్డింగుకి చిలగడదుంప కూరే పేగులు తెప్పించుకుని ఏం చేసుకోను? సందులోవాళ్ళు తొమ్మిదిమంది తీసుకెళ్తారు. మిగతా అంతా మీ గిడ్డంగి వాళ్ళేగా."

"ఒక్క వారం మానేస్తే ఏమవుతుంది?"

ఆవిడ అతన్ని పసివాణ్ణి చూసినట్టు చూసింది. "ఇరవై ఆరేళ్ళయింది ఈ కిటికీ తెరిచి. ఒక్క శనివారం మూయలేదు. తుఫాను రోజు కూడా సగం రెక్క తీసే ఉంచాను. సౌస్ తినేవాళ్ళు ఆకలికి రారు బంగారం, అలవాటుకొస్తారు. ఈ శనివారం ఇక్కడ లేదనుకో, ఇంకో చెయ్యి వెతుక్కుంటారు. ఒకసారి వెతుక్కున్నాక మళ్ళీ ఈ చెయ్యి గుర్తురాదు. శనివారం లేకపోతే మిగతా వారమంతా కలిపినా నాకు గడవదు. మూస్తే ఇక మూసినట్టే."

ఏడుపు గొంతుతో అన్లేదు. గట్టు మీద నూనె మరక గురించి చెప్తున్నట్టు చెప్పింది. అల్బన్‌కి అదే నచ్చలేదు. ఏడ్చి ఉంటే ఓదార్పుగా రెండు మాటలు చెప్పి తప్పుకునేవాడు.

"చెప్పండి," అన్నాడు.

"ఏం చెప్పమంటావు?"

"పంది చెప్పండి. ఎప్పుడూ తెప్పించినంతా."

"ఎవరొస్తారు?"

"అందరూ వస్తారు."

"మరి గేటు?"

"గేటు సంగతి నాకు వదిలెయ్యండి."

మాట నోరు దాటిన మరుక్షణం నాలుక కరుచుకోవాలనిపించింది. తన పెళ్ళిలో కూడా ఇంత ధైర్యంగా మాటివ్వలేదతను. వచ్చే మంగళవారం ఓడెక్కి పోయేవాడు, పర్మిట్టు కాగితం మీద ఈ ఊళ్ళో నిలబడ్డవాడు, గేటు సంగతి చూసుకుంటాడట! వెల్డా కూడా అదే అనుకుందేమో, తల పక్కకి వంచి అతని ముఖంలోకి చూసింది. తర్వాత ఏప్రన్ జేబులోంచి ఫోను తీసి, అతని ఎదుటే నంబరు నొక్కింది.

"ఆ, నేనే. ఎప్పటిలాగే. పేగులు జాగ్రత్త, కిందటిసారి ఒకటి చిరిగింది."

*

శుక్రవారం పొద్దున్నే కప్పు మీద పెంకులు కొడుతూ అల్బన్ మొదలుపెట్టాడు. పెంకుకి రెండు రాగి మేకులు, పక్క పెంకుకీ దీనికీ మధ్య చిటికెనవేలంత సందు. వాన పడ్డప్పుడు చెక్క ఉబ్బుతుంది, దానికి చోటుండాలి. చేతులు వాటి పని అవి చేస్తున్నాయి. నోరు గిట్టెన్స్‌తో పోట్లాడుతోంది.

"రేపు శనివారం. ఒంటిపూట పని. పన్నెండింటికి వదిలేస్తారు. అందరం కలిసి ఆవిడ దగ్గరికి వెళ్దాం."

"వెళ్దాం, వదిలేస్తే."

"వదిలేస్తే ఏంటి?"

"మొన్నటిదాకా మధ్యాహ్నం గేటు కూడా తెరిచే ఉండేదిగా." గిట్టెన్స్ మేకు నోట్లోంచి తీశాడు. "చూడు గ్రెనడా, నువ్వు మంగళవారం టాటా చెప్పి పోతావు. మేం ఇక్కడే బతకాలి. రూలు రూలే. మీ దేశంలో గేటు వేస్తే దూకుతారేమో. మేం తెరిచేదాకా నిలబడతాం."

"ఎప్పటికీ తెరవకపోతే?"

"వరసలో నిలబడతాం."

చుట్టుపక్కల నలుగురు కిసుక్కుమన్నారు. అల్బన్‌కి ఒళ్ళు మండింది. సుత్తి దెబ్బ కాస్త పక్కకి పడి ఒక పెంకు నిలువునా చీలింది. పది వారాల్లో అతని చేతిలో చీలిన మొదటి పెంకు అదే. దాన్ని ఊడబెరికి కిందికి విసిరాడు. ఇంకోటి అందుకుని, అంచు చిత్రిక పట్టాడు.

"సరే," అన్నాడు చివరికి. "మీరు గేటు దాటొద్దు. గిన్నెలు దాటితే తప్పా?"

గిట్టెన్స్ సుత్తి ఆగింది.

"సాయంత్రం ఇంటికెళ్ళేటప్పుడు ఎవరి గిన్నె వాళ్ళు ఆవిడ కిటికీ దగ్గర పెట్టెయ్యండి. కాగితంలో గిన్నెల గురించి ఏమైనా రాశారా?"

"రాయలేదు," అన్నాడు గిట్టెన్స్ నెమ్మదిగా. మేకు మళ్ళీ పళ్ళ మధ్య పెట్టుకున్నాడు, తీసేశాడు. "కానీ గిన్నె పెట్టడమంటే... నీకు తెలిసే అంటున్నావా ఈ మాట?"

"తెలుసు. ఇక్కడికొచ్చిన మూడో వారంలోనే నాకు బోధపడింది."

ఆ ఊళ్ళో సౌస్ వండే మనిషి దగ్గర శుక్రవారం గిన్నె పెట్టడమంటే మాటిచ్చినట్టే. గిన్నె పెట్టి రానివాణ్ణి ఆ వీధి మర్చిపోదు. వాడి పిల్లల పెళ్ళిళ్ళలో కూడా ఎవరో ఒకరు ఆ గిన్నె సంగతి ఎత్తుతారు. గిట్టెన్స్ పెంకు మీద ఇంకో మూడు దెబ్బలు వేశాడు. తర్వాత కిందికి వంగి కేకేశాడు.

"ఒరేయ్, సాయంత్రం అందరూ గిన్నెలు!"

అయిదింటికి సందంతా గిన్నెల చప్పుడు. గిట్టెన్స్ వాళ్ళమ్మ గులాబీల సత్తుగిన్నె తెచ్చాడు. ఒకడు ఐస్‌క్రీం డబ్బా, ఇంకొకడు కూతురి పాఠశాల టిఫిను డబ్బా, మూత మీద ఏనుగు బొమ్మతో సహా. ఒకడు సగం ఊరికి సరిపోయే బేసిను పట్టుకొస్తే వెల్డా వెనక్కి పంపింది: "ఇది నీకు తొట్టి స్నానానికి పనికొస్తుంది నాన్నా, చిన్నది పట్రా." అల్బన్ దగ్గర ఇంటావిడ ఇచ్చిన తెల్ల మగ్గు తప్ప ఏమీ లేదు. దాన్నే పెట్టాడు. గట్టు నిండింది, ఇస్త్రీ బల్ల నిండింది, లోపల మంచం మీద దుప్పటి కూడా కనపడలేదు. వెల్డా ఒక్కో గిన్నె కింద పేరు రాసిన చీటీ పెడుతూ, లోలోపల ఏదో చర్చి పాట కూనిరాగం తీస్తోంది. మూడు రోజుల్లో ఆ గొంతు వినపడటం అదే మొదలు.

*

శనివారం ఏడింటికి హైండ్స్ అందర్నీ గేటు దగ్గర నిలబెట్టాడు.

"ఇవాళ నాలుగింటిదాకా పని. సోమవారం పెద్దలు చూడ్డానికి వస్తున్నారు. ఉత్తర వాలు పూర్తి కావాలి."

 ముప్పై మెడలు ఒకేసారి సందు వైపు తిరిగాయి. అక్కడ కిటికీ రెక్కలు అప్పటికే తెరిచి ఉన్నాయి. ఉడుకుతున్న పుడ్డింగు ఆవిరి తీగలా పైకి లేస్తోంది.

"ముఖాలు అలా పెట్టకండి," అన్నాడు హైండ్స్, ఏదో వరం ఇవ్వబోతున్నవాడిలా. "నాకు తెలీదా శనివారమంటే ఏంటో? నేనూ ఈ మట్టివాణ్ణే. పైవాళ్ళతో మాట్లాడాను. ఇవాళ పెట్టెల్లో పుడ్డింగు, సౌస్ వస్తున్నాయి."

అల్బన్ ఆ ఆవిరి మీంచి చూపు తిప్పుకున్నాడు. అన్నం ఇటుకైతే మనుషులు తిరగబడతారు. ఇష్టమైనదే తెచ్చి పెడితే ఎవడు తిరగబడతాడు? వీళ్ళు ఇక్కడ కడుపు నింపుకుంటారు. అక్కడ నింపిన గిన్నెలు నింపినట్టే ఉంటాయి. తనిచ్చిన మాట కుక్కల పాలు. పెద్దల దెబ్బ ఎప్పుడూ ఇలాగే ఉంటుంది, మన నాలుకతోనే మనల్ని కట్టేస్తారు.

పన్నెండింటికి గేటు పడింది. తాళంచెవి హైండ్స్ జేబులోకి వెళ్ళింది. పెట్టెలు తెచ్చిన డ్రైవరు ఒక్కొక్కటీ అందించాడు. మూతలు తెరుచుకున్నాయి. నిమ్మరసంలో తెల్లటి మాంసం ముక్కలు, పైన దోసకాయ, కొత్తిమీర లాంటి ఆకు, పక్కన గోధుమరంగు పుడ్డింగు, చిలగడదుంపది, చక్రాల్లా కోసింది. చూడ్డానికి బొమ్మలా ఉంది.

ఎవరూ ముట్టుకోలేదు.

గిట్టెన్స్ డ్రైవరు వైపు తిరిగాడు. చాలా మర్యాదగా అడిగాడు. "ఎవరి చేతిదండీ ఇది?"

"కంపెనీదండీ."

"అది కాదు. చెయ్యి. ఎవరి చెయ్యి?"

"కంపెనీ వంటశాలదండీ. ఎయిర్‌పోర్టు రోడ్డులో."

"వంటశాలకి చేతులుండవుగా నాయనా. వండిన మనిషి పేరేంటి? ఏ ఊరు? ఎవరి కూతురు?"

డ్రైవరు బుర్ర గోక్కున్నాడు. ముప్పైమందీ పెట్టెలు ఒళ్ళో పెట్టుకుని, ప్రార్థనలో ఉన్నట్టు కదలకుండా కూర్చున్నారు. పేగు కడిగిన చెయ్యి ఎవరిదో తెలియకుండా పుడ్డింగు తినే మనిషి బార్బడోస్‌లో ఇంకా పుట్టలేదు.

హైండ్స్‌కి చెమట పట్టింది. చుట్టూ చూశాడు, చూపు అల్బన్ మీద ఆగింది. "నోయెల్. నువ్వు బయటివాడివి. నీకీ పట్టింపులేం లేవు. నువ్వు తిని చెప్పు, బాగుందని. వీళ్ళు తింటారు." గొంతు తగ్గించాడు. "పైనెలలో స్పైట్‌స్‌టౌన్‌లో పని ఉంది. మనుషుల్ని ఎంచేది నేనే."

ఫోర్కు అల్బన్ చేతిలో ఉంది. స్పైట్‌స్‌టౌన్ అంటే ఇంకో ఎనిమిది వారాల జీతం. ఒక్క ముక్క. నోట్లో వేసుకుని తలూపితే చాలు. అతను ఒక చక్రం గుచ్చాడు, పైకెత్తాడు. గిట్టెన్స్ చూస్తున్నాడు. అందరూ చూస్తున్నారు. ముక్క పెదవుల దగ్గరికి వచ్చింది. అక్కడే ఆగింది. అతను ఆపలేదు, దానంతటదే ఆగింది.

"మేస్త్రీ," అన్నాడు అల్బన్, తన గొంతు తనకే వింతగా వినిపిస్తుంటే, "ఎవరి చెయ్యో చెప్పకుండా ఎలా తినమంటారు?"

 గిట్టెన్స్ తొడ మీద చరుచుకున్నాడు. "విన్నార్రా! గ్రెనడా మనవాడైపోయాడు! ఎవడ్రా వీడికి పాస్‌పోర్టు ఇచ్చేది?" నవ్వు వాళ్ళ మధ్య నిప్పులా పాకింది.

హైండ్స్ ముఖం కందగడ్డైంది. "ఇంత గోల దేనికి? నేను తింటాను చూడండి." పెట్టె లాక్కున్నాడు. ఫోర్కు ముంచాడు. ముక్క తీశాడు. దాన్ని ఆ వైపు, ఈ వైపు తిప్పి చూశాడు. తర్వాత, ఎవరికీ వినపడదనుకుని, డ్రైవరు వైపు వంగి అడిగాడు.

"పేగులు ఎవరు కడిగారు?"

"మిషను కడుగుతుంది సార్."

"నిమ్మకాయా ఉప్పూ పెట్టి?"

"మిషను సార్. నీళ్ళు పోస్తుందనుకుంటా."

హైండ్స్ ముక్కని పెట్టెలో దించాడు. మూత వేశాడు. నాలుగు మూలలా బొటనవేలితో నొక్కాడు. జేబులోంచి తాళంచెవి తీసి దాని పక్కన పెట్టి, ఎవరి వైపూ చూడకుండా అన్నాడు: "నేను ఆఫీసు గదిలో ఒక ఫోను మాట్లాడుకోవాలి. చాలాసేపు పడుతుంది."

తలుపు వేసుకున్నాడు.

వాళ్ళు పరుగెత్తలేదు. లేచి, దుమ్ము దులుపుకుని, ఒకడి వెనక ఒకడు వరస కట్టారు. డ్రైవరు కూడా చివర్న చేరాడు. గిట్టెన్స్ తాళం తీసి, గేటు పట్టుకుని నిలబడి, ఆఖరివాడు దాటాక మళ్ళీ మూసి తాళం వేశాడు.

"తాళం ఎందుకయ్యా?" అన్నాడు అల్బన్.

"పన్నెండున్నరదాకా మూసి ఉండాలిగా. కాగితంలో ఉంది."

సందు సగం నడిచాక వెనక నుంచి ఇనుప గేటు దడదడమంది. "గిట్టెన్స్! ఒరేయ్ గిట్టెన్స్! నేను లోపలున్నాను!"

అందరూ ఆగారు. గిట్టెన్స్ చేతిలో తాళంచెవి, కాళ్ళు రోడ్డు మీద, ముఖం పాపం చూడాలి. రూలు ప్రకారం తెరవకూడదు. మేస్త్రీని లోపల పెట్టి పోకూడదు. ఎటూ తేల్చుకోలేక నిలబడిపోయాడు. అల్బన్ అతని చేతిలోంచి తాళంచెవి తీసుకుని వెనక్కి నడిచాడు. ఊచల వెనక హైండ్స్ టోపీ తీసి చేత్తో పట్టుకుని ఉన్నాడు.

"ఫోను అయిపోయిందా సార్?"

"నవ్వకు నోయెల్. ముందు తాళం తియ్యి."

కిటికీ దగ్గర గిన్నెలు ఒకటొకటిగా బయటికి వస్తున్నాయి. "గులాబీలు ఎవరివి? ఏనుగు బొమ్మ! ఏనుగు బొమ్మ తండ్రెక్కడ?" వెల్డా చేతులు ఆగడం లేదు. మాంసం, దాని మీద ఊరిన దోసకాయ, పుడ్డింగు మూడు చక్రాలు, పసుపుపచ్చటి కారం అడిగినవాడికి ఒక చుక్క, అడగనివాడికి రెండు. మనుషులు గిన్నెలు రెండు చేతుల్తో పట్టుకుని ఎదుటి పిట్టగోడ మీద వరసగా కూర్చుంటున్నారు.  గుటకలు, ముక్కు ఎగబీల్చిన చప్పుళ్ళు తప్ప ఇంకేం వినపడలేదు.

డ్రైవరుకి సందులో వాళ్ళెవరో పళ్ళెం తెచ్చిచ్చారు. వరస చివర హైండ్స్ ఒక్కడూ మిగిలాడు. అతని చేతులు ఖాళీ.

"గిన్నె?" అంది వెల్డా.

"తేలేదు."

"శుక్రవారం గిన్నె పెట్టకుండా శనివారం చెయ్యి చాపుతున్నావా? ఎవరబ్బాయివి నువ్వు?"

"మాది సెయింట్ ఫిలిప్. అయాంథీ హైండ్స్ కొడుకుని."

"అయాంథీ ఇలా పెంచలేదే నిన్ను." ఆవిడ చుట్టూ వెతికింది. గిన్నె లేదు, పళ్ళెం లేదు. పెద్ద డేగిసా మూత తీసి, వెల్లకిలా తిప్పి, అందులో పెట్టి ఇచ్చింది. చిన్న టేబులంత మూత. హైండ్స్ దాన్ని రెండు చేతుల్తో మోసుకుంటూ, ముప్పైమంది చూస్తుండగా, పిట్టగోడ చివర అల్బన్ పక్కన కూర్చున్నాడు. ఒక ముక్క నోట్లో వేసుకుని కళ్ళు మూసుకున్నాడు. గిడ్డంగి గడియారం పన్నెండున్నర కొట్టింది. ఎవరూ లేవలేదు. అతనూ లేవమన్లేదు.

"సోమవారం పెద్దలొచ్చి అడిగితే, ఆ కాగితం నేను చూడలేదు," అన్నాడు కళ్ళు మూసుకునే. "గాలికి ఎగిరిపోయిందేమో."

"ఈ మధ్య గాలి ఎక్కువగానే ఉంది సార్," అన్నాడు అల్బన్.

కిటికీ రెక్కలు మూసుకున్నాయి. ఇంటి పక్క తలుపు తెరుచుకుంది. వెల్డా చేతిలో తన పళ్ళెంతో బయటికి వచ్చింది. పది వారాలుగా నడుం పైన మాత్రమే చూసిన మనిషి. లోపల ఏ పీట మీద నిలబడేదో ఏమో, బయట అల్బన్ భుజం కూడా అందదు. కాళ్ళకి మగవాళ్ళ రబ్బరు బూట్లు.

"జరగండి," అంది.

ముప్పైమంది జరిగారు. గోడ ఆ చివరన ఒకడు కింద పడ్డాడు, గిన్నె మాత్రం తొణకలేదు. ఆవిడ హైండ్స్‌కీ అల్బన్‌కీ మధ్య ఎక్కి కూర్చుని, తన సౌస్‌లోంచి ఒక ముక్క తీసుకుని నెమ్మదిగా నమిలింది. కనుబొమలు ముడిపడ్డాయి.

"నిమ్మకాయ ఒకటి తక్కువైంది."

ఒక్కసారిగా అరుపులు. తక్కువేం కాలేదని ఒకడు, తన జన్మలో ఇంత బాగా కుదిరింది తినలేదని ఒకడు. గిట్టెన్స్ అయితే లేచి నిలబడి గుండె మీద చెయ్యేసుకున్నాడు. హైండ్స్ మూతలోంచి తలెత్తి, "సరిగ్గానే ఉందమ్మా," అన్నాడు.

"నువ్వు మాట్లాడకు. మూతలో తినేవాడికి రుచేం తెలుస్తుంది?" వెల్డా ఇంకో ముక్క నోట్లో వేసుకుంది. "కంగారులో పిండాను. వచ్చే శనివారానికి పంది ఇంకొంచెం ఎక్కువే చెప్తాను. అప్పుడు తిని చెప్పండి." మోచేత్తో అల్బన్ పక్కటెముక మీద పొడిచింది. "నువ్వు కూడా. కప్పు మీద నుంచి అరవడం కాదు, ఇక్కడికొచ్చి చెప్పాలి."

తన ఓడ మంగళవారం. ఆ మాట చెప్పాలనే ఉంది అల్బన్‌కి. నోట్లో ఖాళీ లేదు.